ఇటు నొక్కితే అటు లేచిన గడ్డ

“సూది కాల్చి తెచ్చిన. పిల్లను గట్టిగ పట్కోవే, ఒక్క పోటుకు రాయి బయటపడ్తది.”

“వద్దత్తమ్మా! మొకం మీద మచ్చ పడ్తె ఎట్ల? జర దవాఖానకు తీస్కపోదాం.”

“గింత ముక్కకు దవాఖాననా? నా కొడుక్కు గనిల ఎన్ని గుచ్చుకోలే, ఎన్ని నేను తియ్యలే!”

నా చిన్నప్పుడు, తాండూరులో, నా చెంప కోసం మా నాయనమ్మకూ అమ్మకూ జరిగిన కొట్లాట అది. నాయన నాపరాళ్ళ గనిలో పనిచేసేవాడు. గనివాళ్ళ ఇళ్ళలో ఒంటి మీద గట్టిగా ఏది తగిలినా రాతిముక్కే అనుకుంటారు. నా చెవి ముందు, చర్మం కింద కందిగింజంత గడ్డ రాయిలాగే ఉండేది. గనికి నాయన సద్ది తీసుకుపోయినప్పుడు ముక్క ఎగిరి గుచ్చుకుందని తేల్చేశారు. కానీ అది పెరుగుతోంది. రాయి పెరుగుతుందా అని అమ్మ అడిగింది. నాయనమ్మ మాత్రం సూది కింద పెట్టలేదు.

చివరికి ముగ్గురం వికారాబాద్ రైలెక్కాం. నాయనమ్మ సూదిని కొంగుకు గుచ్చుకునే వచ్చింది. నాకు కాలు నిలవలేదు, కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. దగ్గరికొచ్చినప్పుడల్లా అమ్మ చెయ్యి నా చెంప మీదికే పోయింది.

దవాఖానలో డాక్టరమ్మ నా వేలే పట్టుకుని గడ్డ ఒక అంచు మీద నొక్కించింది. రెండో అంచు పైకి లేచింది, సరిగ్గా పరవని బండ మీద కాలేసినట్టు. తర్వాత నాయనమ్మ చేత కూడా అలాగే నొక్కించింది.

“రాయి గాదమ్మా. వెంట్రుక మొదట్ల లేచిన గడ్డ, లోపల సున్నం పట్టి గట్టిపడ్డది. అరుదుగ వస్తది. చెడ్డది గాదనే అనుకుంటున్న, కానీ తీసి పరీక్షకు పంపితేనే ఖాయంగ చెప్పగల్గుత. సూదితోని కెలికితె మాత్రం చీము పడ్తది,” అంది. నాయనమ్మ కొంగుకున్న సూది వైపు చూసే అందేమో.

గడ్డ తీసి పట్నం పంపారు. కబురు వచ్చేదాకా ఇంట్లో ఎవరూ కుదురుగా లేరు. నాయనమ్మ చెరిగిన బియ్యమే మళ్ళీ చెరిగింది. చెడ్డది కాదని తెలిసిన సాయంత్రం ఎవరమూ నవ్వను కూడా లేదు, ఎక్కడివాళ్ళం అక్కడే కూలబడ్డాం.

ఇప్పుడు నేనే నాయనమ్మను. దండగ ఖర్చంటే నాకూ గిట్టదు. అయినా మనవల ఒంటి మీద ఏదైనా గట్టిగా తగిలితే దానికి నేను పేరు పెట్టను, ఎవర్నీ గుచ్చనివ్వను. వేలితో మెల్లగా తడిమి చూసి, దవాఖానకు పోదామని చెప్పులేసుకుంటాను.

అప్పుడు, కబురు వచ్చిన మర్నాడు పొద్దున, మా నాయనమ్మ అదే సూదిలో దారం ఎక్కించి, చిరిగిన నా లంగా కుట్టింది.