కొబ్బరినీళ్ళు తాగిన మిషన్

పగ మంచిది కాదంటారు. ఆ మాట అనేవాళ్ళకు పగ పట్టాల్సిన అవసరం వచ్చి ఉండదు. నాకు వచ్చింది. గడ్డిలో కాయలు మాగబెట్టినట్టు ఏడాది పాటు దాన్ని మాగబెట్టుకున్నాను.

ఆగిరిపల్లి దగ్గర, మామిడికాయలు సర్ది లారీలకు ఎక్కించే షెడ్డులో నా పని. డిగ్రీ చదివి షెడ్డులో చేరింది ఒక మిషన్ కోసం. చేత్తో పట్టుకునే కంప్యూటర్ అది, ఇటుక ముక్కంత ఉంటుంది. ట్రే మీది స్టిక్కరుకు ఎదురుగా పెట్టి పక్కనున్న మీట నొక్కితే ఎర్రటి గీత పడి, కీచుమని అరిచి, ఆ కాయలు ఎవరి తోటవో, బంగినపల్లో రసాలో తెర మీద చూపిస్తుంది. అమ్మ కూడా అదే షెడ్డులో సొన దగ్గర పనిచేస్తుంది. కాయ తొడిమ తుంచి, బోర్లించి, సొనంతా కారాక కడిగి పెట్టాలి. సొన తగిలిన చోటల్లా ఒళ్ళు పొక్కుతుంది. అమ్మ ముంజేతుల మీద ఆ మచ్చలు నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్నాయి. నేను మిషన్ పట్టుకుని తన ముందు నుంచి నడిచిన మొదటి రోజు, "మా అమ్మాయే" అని పక్కావిడతో చెప్పుకుంది. ఆవిడ నన్ను ఎత్తుకుని పెంచిన మనిషే.

మిషన్ అమ్మిన కంపెనీ తరఫున ఒకాయన వచ్చి దాన్ని మా అందరి ముందూ సిమెంటు నేల మీద పడేశాడు. తీసి కుళాయి కింద కడిగాడు. అది చెక్కుచెదరలేదు. మా సూపర్‌వైజర్ చప్పట్లు కొట్టి టీకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కంపెనీ మనిషి నాకు అసలు సంగతి చెప్పాడు. అడుగున చార్జింగ్ పెట్టే చోట రబ్బరు మూత ఉంది, అది టక్కుమని బిగుసుకుంటేనే ఈ విన్యాసాలన్నీ. మూత తీసి ఉంటే గుక్కెడు నీళ్ళు చాలు. ఇంకా, అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడవాలి కానీ చీర చెంగుతో కాదు. చార్జింగ్ పిన్నుల్ని పొడి బ్రష్షుతో దులపాలి. ఎండలో వదిలేయకూడదు, వేడి మీద చార్జింగ్ పెట్టకూడదు. అన్నీ చెప్పినట్టే చేశాను. పసిపిల్లకు ఒళ్ళు తుడిచినట్టు తుడిచేదాన్ని.

మొదటి కోతకు ముందు మా షెడ్డులో పూజ చేస్తారు. కాటాకీ, కత్తెరలకీ, ట్రాలీలకీ పసుపు రాసి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు చల్లుతారు. పూజ సూపర్‌వైజర్ చేతుల మీదుగానే జరుగుతుంది. నన్ను గేటు దగ్గర ప్రసాదం పంచమని పంపారు. నేను తిరిగొచ్చేసరికి, చార్జింగ్‌లో పెట్టి వెళ్ళిన మిషన్‌కి కుంకుమ బొట్టు, నెత్తిన బంతిపువ్వు. నవ్వుకుని బొట్టు తుడిచాను. మర్నాడు అది వెలగలేదు. అడుగున చూస్తే పిన్నుల దగ్గరంతా జిగట, లోపలికి పోతున్న చీమలు. వాసన చూస్తే కొబ్బరినీళ్ళు.

యజమాని ముందు నేను నోరు తెరిచేలోపే సూపర్‌వైజర్ అందుకున్నాడు. "సొన చేతుల్తో పట్టుకుంటే ఏ మిషనైనా ఎన్నాళ్ళుంటదండీ? వాళ్ళమ్మది సొన పని, ఈ అమ్మాయికీ అదే వచ్చింది. వీళ్ళ చేతికి ఇయ్యొద్దని నేను ముందే అన్నా."

"కొబ్బరినీళ్ళు పడ్డాయండీ" అన్నాను.

"నేను కాయ కొట్టింది కాటా దగ్గర. అక్కణ్ణించి ఎగిరొచ్చి పడ్డాయా అమ్మాయ్, నీళ్ళు?"

అందరూ నవ్వారు. ఎవరైనా ఒక్క మాట అంటారేమోనని ఆడవాళ్ళ వైపు చూశాను. అమ్మ లేచి వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. "సారుకి సారీ చెప్పు."

"నేనేం చేశానని?"

"చెప్పవే ముందు."

చెప్పాను. ఆ రోజు నుంచి నన్ను కూడా సొన దగ్గర కూర్చోబెట్టారు.

చెంప మీద మొదటి పొక్కు లేచినప్పుడు ఆయన్ని తిట్టుకున్నాను. తర్వాత ప్రతి పొక్కుకూ ఒక తిట్టు కేటాయించాను. ఆయన పెళ్ళిభోజనానికి వెళితే ఆయన విస్తరి దగ్గరికొచ్చేసరికే కూర అయిపోవాలని, ఎండలో ఆయన బండి మాత్రమే పంచరవ్వాలని కోరుకున్నాను. కానీ అసలు మంట ఆయన పెట్టింది కాదు. అమ్మ ఆయన మాట నమ్మింది. ఇంట్లో ఎన్నిసార్లు ఆ మాట ఎత్తినా "అయిందేదో అయింది, ఊరుకో" అనేది తప్ప "నువ్వు చెయ్యలేదని నాకు తెలుసు" అనలేదు. ఆ దొంగ తన నోటితో తనే చెప్పాలి, అమ్మ చెవులారా వినాలి. నాకు కావలసింది అంతే.

కొత్త మిషన్ వచ్చింది. సూపర్‌వైజర్ తన దగ్గరే పెట్టుకున్నాడు. మే నెల ఎండలో జీపు బానెట్ మీద పెట్టి మరిచిపోయేవాడు. అది వేడెక్కి ఆగిపోతే కూల్‌డ్రింకుల ఐసుపెట్టెలో పెట్టాడు. అద్దం మీద సొన పడితే భుజం మీది తువ్వాలుతో రుద్ది ఇంకా పూసేవాడు. ఒక రోజు ఎర్ర గీత పడుతుంది కానీ ఒక్క స్టిక్కరూ చదవదు. లారీలు గేటు దాటి రోడ్డు మీదికి బారులు తీరాయి. యజమాని నా దగ్గరికి నడిచొచ్చాడు. నేను తీరిగ్గా సబ్బుతో చేతులు కడుక్కున్నాను. మిషన్‌ని నీడలో చల్లారబెట్టి, అద్దం శుభ్రం చేసి, ఆపి మళ్ళీ ఆన్ చేశాను. కీచుమంది.

"ఇక దీన్ని నువ్వే చూసుకోమ్మా" అన్నాడు యజమాని.

"నేను చెప్పినట్టు వింటేనే ఎవరికైనా ఇస్తానండీ" అన్నాను. లారీల వైపు చూసి సరేనన్నాడు.

మిషన్ ముట్టుకునే ముందు చేతులు కడుక్కుని నాకు చూపించాలని రూలు పెట్టాను. రూలు అందరికీ, పెట్టింది మాత్రం ఒక్కరి కోసం. రోజూ పొద్దున్నే షెడ్డంతా చూస్తుండగా అనేదాన్ని, "చేతులు చూపించండి సార్." ఆయన చూపించేవాడు. "వెనక్కి తిప్పండి... గోళ్ళల్లో సొనుంది. మళ్ళీ కడుక్కురండి." ఆడవాళ్ళు నవ్వాపుకోలేక చెంగులు నోట్లో కుక్కుకునేవాళ్ళు. గోళ్ళల్లో ఏమీ ఉండేది కాదు. నాకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. కానీ ఆ మాట ఆయన నోట్లోంచి ఇంకా రాలేదు.

మరుసటి ఏడు పూజ వచ్చింది. చచ్చిపోయిన పాత మిషన్ బీరువా అడుగున పడి ఉంది. చూడ్డానికి రెండూ ఒకటే. దాన్ని తళతళలాడేలా తుడిచి, రబ్బరు మూత తీసి, పళ్ళెంలో పెట్టి తెచ్చాను. సూపర్‌వైజర్ కాయ కొట్టి చిప్ప పట్టుకున్నాడు. పక్కనే యజమాని. ఆడవాళ్ళలో ముందు వరసలో అమ్మ.

"మిషన్‌కి కూడా చల్లండి సార్" అని పళ్ళెం ఆయన ముందుకు జరిపాను.

ఆయన కంగారుగా చిప్ప వెనక్కి తీసుకున్నాడు. "వద్దమ్మా, మూత తీసుంది. మళ్ళీ పోయినేడు లాగే అవుద్ది."

యజమాని తల తిప్పాడు. "పోయినేడు ఏమైంది?"

సూపర్‌వైజర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "అదేనండీ... కాసిని కొబ్బరినీళ్ళు పోశాను లెండి. కుళాయి కింద కడిగినా ఏం కాలేదు కదా అని..."

యజమాని ఆయన కాలర్ పట్టుకుంటాడనుకున్నాను. యజమాని వాచీ చూసుకుని, "సర్లే, ముహూర్తం దాటిపోతంది, హారతివ్వండి" అన్నాడు. పోనీ. నేను చూడాలనుకున్నది అమ్మ మొహం. అమ్మ తల వంచుకుని పూలు సర్దుతోంది.

సాయంత్రం స్కూటీ మీద ఇంటికి వెళుతూ అడిగాను. "విన్నావా, ఆయనే పోశాడంట."

"విన్నా."

"ఇప్పుడైనా నమ్ముతావా?"

"నమ్మేదేముందే? నేను చూశాగా. వైరు పీకి, చిప్పెత్తి పోశాడు. నాకెదురుగానే."

బండి ఆపేశాను. "చూసి, నా చేత సారీ చెప్పించావా?"

"చెప్పకపోతే ఇద్దర్నీ మానిపించేవాడు. నిన్ను కాపాడుకున్నా" అంది అమ్మ. ఆమె గొంతులో తప్పు చేసిన ఛాయ కూడా లేదు.

నేను సొన దగ్గరున్నన్నాళ్ళూ నా పక్కనే కూర్చుని కాయలు కడిగింది. నా చెంప మీద పొక్కులకు తన చేత్తోనే కొబ్బరినూనె రాసింది. సూపర్‌వైజర్ మీద నా పగ ఆ పొద్దున్నే తీరిపోయింది. అమ్మ మీద ఎలా తీర్చుకోవాలో తెలియక బండి స్టార్ట్ చేశాను. గుంతల్లో పడిపోకుండా ఆమె ఎప్పటిలాగే నా నడుం పట్టుకుంది.