ఖాదర్ సార్ చెప్పని మోకాలు

1995 నవంబరు, శుక్రవారం సాయంత్రం. శంషాబాద్, కాలేజీ మైదానం. ఉన్నవారు: ఫుట్‌బాల్ కోచ్ ఖాదర్ గారు, కెప్టెన్ యాదగిరి, జట్టులోని మిగతా పిల్లలు, క్రీడల బాధ్యత చూసే లెక్కల లెక్చరర్‌నైన నేను.

ఈ ఉదయం పక్క కాలనీలో ఎవరో బంతిని గోడకేసి కొడుతున్నారు. విమానం దిగుతున్నంతసేపు ఆ చప్పుడు వినిపించలేదు. అది వెళ్ళిపోగానే మళ్ళీ ధప్, ధప్‌మని మొదలైంది. కాఫీ పక్కన పెట్టి ఆ ఏటి డైరీ తీశాను. ఆ రోజు పేజీలో పైన రాసిన వివరాలే ఉన్నాయి. మిగిలినది నాకు గుర్తున్నది.

అప్పటికి ఇక్కడ విమానాశ్రయం లేదు. మా మైదానం పక్కన జొన్నచేలు ఉండేవి. ఖాదర్ గారిది తాత్కాలిక ఉద్యోగం. జట్టు మొదటిసారి ఫైనల్‌కు వచ్చింది. కప్పు తెస్తే ఆయన ఉద్యోగాన్ని పర్మనెంట్ చేయమని పైకి రాస్తానని ప్రిన్సిపాల్ మాట ఇచ్చారు. చిక్కల్లా ఒక్కటే. మర్నాడు మేము ఆడవలసింది రాజేంద్రనగర్ వైపు కాలేజీతో. ఆ జట్టులో గోల్స్ కొట్టేది ఖాదర్ గారి కొడుకు సలీం. కొడుకును మన కాలేజీలోనే ఎందుకు చేర్పించలేదని ఒకసారి అడిగాను. "నా టీమ్‌ల ఉంటే వాడు మంచిగ ఆడినా నాయన ఆడిపిచ్చిండు అంటరు సాబ్. వాని ఆట వానికి దక్కాలె" అన్నారు.

మ్యాచ్ ముందురోజు ఆయనకు ఒక పద్ధతి ఉండేది. పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని, కూల్‌డ్రింక్ మూతలను నేలమీద పేర్చి, ఒక్కొక్క మూతనూ చూపుతూ ఎదుటి ఆటగాడి బలమూ లోపమూ చెప్పేవారు. ఆ సాయంత్రం చివరి మూత దగ్గరికి వచ్చేసరికి అందరూ ఆయన ముఖంకేసే చూశారు.

"ఏంది, ఊపిరి బంద్ చేసిన్రు?" అని నవ్వారాయన. "వీడు సలీం. కుడికాలు తోపు. ఎడమకాలు కిరాయికి తెచ్చినట్టుంటది. కోపమొస్తే బంతి ఇడువడు, ఒక్కడే ఉరుకుతడు. ఎడమ దిక్కుకు తోలుండ్రి, చాలు."

యాదగిరి మంఖాల్ రైతుబిడ్డ. కాలేజీలో అదే అతని చివరి ఏడు. మెల్లగా అడిగాడు. "సార్, నిన్న ఆరాంఘర్ కాడ సలీం బస్సు దిగంగ చూసిన. కుంటుకుంట పోతుండె. ఏ మోకాలు సార్?"

ఖాదర్ గారు మూతలు ఏరి జేబులో వేసుకున్నారు. "మైదానంల చూసింది మొత్తం చెప్పిన బేటా. గా మోకాలు ఇంట్ల చూసిన."

"రేపు ఓడిపోతే సార్?"

"ఓడిపోతే ఓడిపోయినం అందాం. ఇగ లేవుండ్రి, పొద్దున జల్ది రావాలె."

ఇంటివైపు ఇద్దరం సైకిళ్ళు నడిపించుకుంటూ వెళ్ళాం. నేను ఉండబట్టలేక, "ఖాదర్ గారూ, మీ ఉద్యోగం సంగతి కూడా ఆలోచించండి" అన్నాను. "వాడు నాయన ముందట కాలు జాపిండు సాబ్. కోచ్ ముందట జాపలే" అన్నారాయన.

ఆ మాట నాతో ఉండిపోయింది. తరువాతి ఏళ్ళలో పెళ్ళి సంబంధాల కోసం వాకబు చేసేవాళ్ళు నా విద్యార్థుల గురించి అడగడానికి వచ్చేవారు. తరగతిలో నేను చూసినది దాచకుండా చెప్పేవాణ్ణి. ఆ పిల్లలు ఏడుస్తూ వచ్చి నాతో చెప్పుకున్నది మాత్రం నా దగ్గరే ఉంచుకునేవాణ్ణి. ఎదుటివారికి అది పొగరుగా తోచిన సందర్భాలు ఉన్నాయి. రెండు ఇళ్ళతో మాటలు కూడా పోయాయి. ఖాదర్ గారి ఉద్యోగం ఆ ఏడు పర్మనెంట్ కాలేదు, తరువాతా కాలేదు. ఆయన ఆ మాటను ఎప్పుడూ వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు ఉదయం మావాళ్ళు సార్ చెప్పినట్టే ఆడారు. సలీం ఎటు వెళ్ళినా ఎడమకే తోలారు. ఆట ముగియబోతుండగా అతడు ఆ ఎడమకాలితోనే కొట్టాడు. బంతి మా గోల్‌కీపర్ చేతులను దాటి వలలో పడింది. మేము ఓడిపోయాం.

యాదగిరి రొప్పుతూ వచ్చి ఖాదర్ గారి ముందు నిలబడ్డాడు. "ఎడమకాలు కిరాయిది అన్నరు గద సార్!"

"నాకు గూడ తెల్వదు బేటా. ఇయ్యాలనే చూసిన" అన్నారాయన.

ఆయన మా పిల్లలందరికీ నీళ్ళు ఇచ్చారు. ప్రతి ఒక్కరి దగ్గరా కూర్చుని, వాళ్ళు బాగా ఆడిన ఒక్కొక్క సంగతీ చెప్పారు. గోల్‌కీపర్ ఏడుపు ఆగేదాకా అతని భుజం మీద చేయి తీయలేదు. ఆ తరువాతే మైదానం దాటి కొడుకు దగ్గరికి వెళ్ళి నేలమీద చతికిలబడ్డారు. సలీం కుడికాలు చాపాడు. వాచిన ఆ మోకాలిని ఆయన ఒళ్ళో పెట్టుకున్నారు.

యాదగిరి ఇవతలి నుంచి చాలాసేపు చూశాడు. "గా కాలుతోనా వీడు ఉరికింది!" అని, నీళ్ళ బిందె ఎత్తుకుని వాళ్ళ దగ్గరికి నడిచాడు.