హలీనా వాళ్ళమ్మ జడ

మొన్న మా అమ్మాయి బడి పని ఉందని పాత పేపర్లు నానబెట్టి, మైదా జిగురు కాచి వంటిల్లంతా ఖరాబు చేసింది. ఆ పుల్లటి తడికాగితం వాసన తగలగానే లేచి వెళ్ళి కిటికీలన్నీ తెరిచేశాను. పాపం, మంచి వాసనే. ఒకప్పుడు నాకు ప్రాణం.

కువైట్‌లో, రిగ్గైలో మేముండే బిల్డింగు పై అంతస్తులో హలీనా ఇల్లంతా అదే వాసన. నాన్న షువైఖ్‌లో మెకానిక్కు. అమ్మ హలీనా ఇంట్లో పనిచేసేది, అక్కడి పనివాళ్ళందరిలా యజమానురాలిని 'మామా' అని పిలిచేది, నేను కొంగు పట్టుకుని వెంట వెళ్ళేదాన్ని. హలీనా ఉక్రెయిన్‌లో పుట్టి, అక్కడి బొమ్మలాటల నాటకశాలలో పేరు తెచ్చుకుని, చదువుకోడానికి అక్కడికి వెళ్ళిన కువైటీ డాక్టరును పెళ్ళాడి ఈ ఎండల్లోకి వచ్చిపడిన మనిషి. ఎవరైనా రష్యా ఆమె అన్నారో, అయిపోయారే! "రష్యా లా! ఉక్రెయిన్!" అని, అరబ్బీలో కాదంటూ వేలు చూపించి మరీ దిద్దేది. చలికాలం శుక్రవారాల్లో బిల్డింగు పిల్లలందరినీ చాపమీద కూర్చోబెట్టి, ఆలుగడ్డ కూరి ఉడికించిన కజ్జికాయల్లాంటివి పంచి, బల్ల వెనక దాక్కుని ఒక్కతే రాజుగా, నక్కగా, ముసలమ్మగా గొంతులు మార్చి, తడికాగితంతో తనే చేసిన బొమ్మల్ని ఆడించేది. అమ్మ అంట్లు వదిలేసి, సబ్బు నురగ చేతులతోనే గుమ్మంలో నిలబడి పగలబడి నవ్వేది. అన్నిటిలోకీ అందం రాజకుమారి బొమ్మది. దాని గోధుమరంగు జడ నిజం వెంట్రుకలది. అది చనిపోయిన తన తల్లి జడ అని హలీనా చెప్పిన రోజునుంచీ అమ్మ ఆ బొమ్మను తుడవడం మానేసింది.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఇరాక్ సైన్యం దిగింది. హలీనా భర్తను ఆస్పత్రి నుంచే పట్టుకుపోయారు. ఆయన వచ్చేదాకా కదలనని ఆమె ఉండిపోయింది. మాకు జోర్డాన్ బస్సు దొరికిన పొద్దున రాజకుమారిని తువ్వాలులో చుట్టి తెచ్చి, అమ్మ చేతుల్లో పెట్టి, "రవణమ్మా, యే మేరా మా. తుమ్ లే జావ్," అంది వచ్చీరాని హిందీలో, ఇది మా అమ్మ, నువ్వు తీసుకుపో అని. ఇల్లు దోచుకుంటారని ఆమె భయం.

"నా పానం మాదిర చూసుకుంటా మామా, నువ్వు ఏడ్సాకు," అంది అమ్మ. నిజంగానే అంది.

జోర్డాన్ సరిహద్దు గుడారాల్లో నాకు జ్వరం కాసింది. క్యాంపు డాక్టరు మాత్రలిచ్చాడు. అమ్మకు వాటిమీద నమ్మకం లేదు.

"సచ్చినోళ్ల ఎంటికలు ఎంటబెట్టుకోని పోతాండామే, పిల్లకు జరం రాకుండా ఎట్లుంటాది!"

"అది ఆమె తల్లి గురుతు గదమే," అన్నాడు నాన్న.

అమ్మ వినలేదు. గుడారం గుడ్డ సందులోంచి నేను చూస్తూనే ఉన్నాను. దూరంగా వెళ్ళి, రెండు చేతులా ఇసుక తోడి, బొమ్మను తువ్వాలుతో సహా పూడ్చి, తాగడానికి ఉంచుకున్న నీళ్ళతో చేతులు కడుక్కుని వచ్చింది. సాయంత్రానికి నా జ్వరం దిగింది. మాత్రలకే దిగి ఉంటుంది, ఖర్మ!

యుద్ధం ముగిశాక మళ్ళీ వెళ్ళాం. హలీనా భర్త తిరిగి రాలేదు. బొమ్మ మాట రాగానే "సిపాయిలు గుంజుకున్న్యారు మామా," అని అమ్మ తల దించుకుంది. హలీనా కాసేపు ఏడ్చింది. తర్వాత నన్ను దగ్గరికి లాక్కుని, "ఖలాస్, రవణమ్మా. బేబీ బచ్ గయా, బస్," పోతే పోయింది, పిల్ల దక్కింది చాలంటూ మా అమ్మ వీపే నిమిరింది. ఆమె మమ్మల్ని తిట్టిపోసి ఉంటే ఎంత బాగుండేది!

ఆ బిల్డింగు కూల్చేశారట. శుక్రవారం ఆటలు లేవు. హలీనా తన దేశం వెళ్ళిపోయిందని విన్నాను, ఉందో లేదో తెలియదు. అమ్మను తప్పుపట్టే నోరు నాకు లేదు. నన్ను దక్కించుకోవడానికే ఆ పని చేసింది, అందులో సగం పాపం నాదే. హలీనా మాటొస్తే అమ్మ ఈనాటికీ సిపాయిలు గుంజుకున్న్యారనే అంటుంది, అంతా కళ్ళారా చూసిన నాతో కూడా.

"అవునమ్మా," అంటాను.