ఇరవై ఎనిమిది అడుగుల పాత పడవ

తొంభైల చివర, నేనింకా స్టీల్ ప్లాంటులో ఉండగా, ఒక స్నేహితుడితో కలిసి పాత పడవ కోసం తిరిగాను. చుట్టరికం లేకపోయినా బావా అనే పిలుచుకునేవాళ్లం. అతను పోర్టు ఉద్యోగం వదిలి, పుట్టిన జాలరిపేటకు తిరిగొచ్చాడు. అతనికి తెలిసింది చిన్నప్పటి కర్రతెప్ప. ఒడ్డు మీద అప్పటికే ఫైబర్ పడవలు వచ్చేశాయి. వాటికి ఇరవై నాలుగు, ఇరవై ఎనిమిది, ముప్ఫై రెండు అడుగులని సైజులు. ఏది కనిపించినా కొలిచి డైరీలో రాసుకునే అలవాటు నాది కనుక, టేపు పట్టుకుని రమ్మన్నాడు.

మొదటి ఆదివారమే నేను తగువు పెట్టుకున్నాను. ఇరవై ఎనిమిది అన్న పడవ అడుగున టేపు పెడితే ఇరవై నాలుగు కూడా రాలేదు.

"మిగతాది ఎక్కడికి పోయిందయ్యా?"

"ముక్కు సూడండి బాబూ, గాల్లో ఉంది," అన్నాడు అమ్మేవాడు.

పడవను పైన, ముక్కు కొస నుంచి వెనక పలక దాకా కొలుస్తారట. ఇసుకను తాకే భాగం ఎప్పుడూ తక్కువే. నేనూ అమ్మేవాడూ నవ్వుకుని మళ్లీ కొలిచాం.

పడవ గట్టిదే. బావే వెనక్కి తగ్గాడు. "ఇరవై నాలుగు సాలు. మా ఇంటోళ్లం తోసుకుంటాం. ఎవుడ్నీ పిలవక్కర్లేదు."

వాళ్లావిడ మాతోనే ఉంది. "ఇంజినూ, వలా, మంచుపెట్టే ఎడితే అందులో నువ్వు కూకోడానికి సోటేదీ? పిలవడానికి సిగ్గని సెప్పరాదేటి?"

ఆ ఒడ్డున పెద్ద పడవను నీళ్లలోకి దించాలంటే పదిమంది భుజాలు కావాలి. ఒకరి పడవకు ఇంకొకరు భుజం వెయ్యడం అక్కడి వాడుక. పోర్టు క్వార్టర్లలో ఉన్నన్నాళ్లూ బావ ఎవరి పడవా తోసినవాడు కాదు. ఇప్పుడు తను పిలిస్తే ఒడ్డు కదులుతుందా? అతని బెంగ అదీ.

"ముందు ఆళ్లవి తొయ్యి. పడవ తరవాత కొందాం," అందావిడ.

మర్నాటి నుంచి తెల్లవారకముందే ఒడ్డుకు వెళ్లి, ఎవరూ పిలవకుండానే భుజం వేశాడు. నాకు సెలవున్న రోజు వెళ్లి చూశాను. "పోర్టు బాబూ, సొక్కా నలిగిపోద్ది, జాగర్త!" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. బావ చొక్కా విప్పి ఇసుకలో పడేసి, మళ్లీ వంగాడు.

కొన్నాళ్లకు ఆ ఇరవై ఎనిమిదే కొన్నారు. పసుపు రాసి, ముక్కుకు వేపమండ కట్టి, కొబ్బరికాయ కొట్టారు. తరవాత అందరూ ఆగిపోయారు. బావ పడవ పక్కన నిలబడి, ఒడ్డు వైపు చూస్తూ, గొంతు సవరించుకుంటున్నాడే గానీ మాట రావడం లేదు. వాళ్లావిడ కొంగు నడుముకు దోపుకుంది.

"రండ్రా!" అన్నాడు చివరికి. అలల హోరులో అది నాకే సరిగ్గా వినిపించలేదు.

వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన ఇసుక దులుపుకుంటూ లేచాడు. "ఏట్రా, పెళ్లికి పిలిసినట్టు అలా మెల్లగా పిలుత్తన్నావ్? గట్టిగా అరువు!"

బావ అరిచాడు. అటూ ఇటూ పడవల దగ్గర్నుంచి మనుషులు లేచి వచ్చారు. నాకు వెనక పలక దగ్గర రెండు చేతులు పెట్టేంత చోటు మాత్రమే దొరికింది.