గులాబీ తోటకు లాభాల్లో వాటా

ఒక సినిమా వందల కోట్లు వసూలు చేస్తే దానివల్ల ఎవరికైనా నష్టం వస్తుందా అని మీరు అడగవచ్చు. వస్తుంది. మా మేనమామకు వచ్చింది. తెచ్చింది నేను. ఎంకపల్లిలో ఒక గులాబీ తోట ఎండిపోవడానికి మూడు కారణాలున్నాయి: వానలు పడకపోవడం, భూమిలో నీళ్లు అడుగంటడం, నేను. మొదటి రెండింటినీ మా చుట్టాలు క్షమించారు.

అప్పటికి నేను చేవెళ్లలో బీకాం ముగించి, మొయినాబాద్‌లో ఒక ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తున్నాను. అది పొట్టకూటి పని. అసలు వృత్తి వేరు. 'బాక్సాఫీస్ పులులు' అనే వాట్సాప్ గ్రూపుకు నేను అడ్మిన్‌ని. ఏ సినిమా బడ్జెట్ ఎంత, ఏ ఏరియా ఎంతకు అమ్ముడుపోయింది, ఎంత వస్తే పెట్టుబడి తిరిగొచ్చినట్టు, ఇవన్నీ నిర్మాతకన్నా ముందు నాకు తెలిసేవి. గ్రాస్ అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తమనీ, షేర్ అంటే పన్నులూ థియేటర్ కిరాయీ పోగా మిగిలేదనీ దుకాణానికి వచ్చిన రైతులకు కూడా వివరించేవాడిని. యూరియా బస్తా చేతికి వచ్చేదాకా వాళ్లు ఎంతో ఓపికగా వినేవాళ్లు.

మా బుచ్చిరెడ్డి మామకు ఎంకపల్లిలో రోడ్డు పక్కన గులాబీ తోట ఉంది. పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోతాయి. ఆ ఏడు చలికాలంలోనే బోరు ఆగి ఆగి పోయడం మొదలుపెట్టింది. ఎండలు ముదిరేలోపు కొత్త బోరు వేయకపోతే తోట దక్కదని మామకు తెలుసు. డబ్బు మాత్రం ఎక్కడా పుట్టలేదు. సరిగ్గా అప్పుడు తెల్ల కారులోంచి ఒక సినిమా కంపెనీ మేనేజరు దిగాడు. ఆయన పేరు మూర్తి.

"ఇక్కడ ఒక పాట, ఒక ఫైటు తీసుకుంటామండీ. హీరోగారు హీరోయిన్‌ని మొదటిసారి చూసేది ఈ తోటలోనే. వేసవికి రిలీజు," అని ఆయన చెప్పిన అద్దె ఒక బోరుకూ, మోటారుకూ, పైపులకూ అచ్చంగా సరిపోతుంది.

మామ మొహం వెలిగింది. సుగుణత్త చాయ్ పెట్టడానికి లేచింది. అంతా సవ్యంగా జరిగిపోయేదే. కానీ మామ ఒక పొరపాటు చేశాడు. చదువుకున్నవాడు పక్కన ఉంటే మంచిదని నన్ను పిలిపించాడు.

నేను హీరో ఎవరో అడిగాను. దర్శకుడు ఎవరో అడిగాను. గంభీరంగా తల పంకించి, మామను మోటారు షెడ్డు వెనక్కి తీసుకుపోయాను.

"మామా, కిరాయి వద్దు."

"వద్దా? మరి ఊకెనే ఇద్దామా?"

"లాభంల వాటా అడుగుదాం. గీ హీరోకు ఎండకాలం రిలీజంటే మూడొందల కోట్లు యాడికి పోవు. ఖర్చు వంద అనుకో. మిగిలినదాంట్ల మనకు వందో వంతు వచ్చినా, నువ్వు బోరు గాదు, బోరు బండే కొంటవ్."

"నాకు బండెందుకురా అల్లుడా? నాకు నీళ్లు గావాలె."

"మామా, గీ లెక్కలు నేను రోజూ చేస్త. నువ్వు ఫికర్ చెయ్యకు."

చాయ్ గ్లాసులతో వచ్చిన అత్త ఈ మాట వింది. "వీని లెక్కనా? మూడేండ్ల చదువు ఐదేండ్లు చదివిండు. కిరాయి తీస్కో, సప్పుడు చెయ్యకుండ బోరెయ్యి," అంది. నేను జాలిగా నవ్వాను. దూరదృష్టి ఉన్నవాళ్లకు ఇంట్లో గౌరవం ఉండదు.

అద్దె వద్దు, లాభంలో వాటా కావాలి అని చెప్పగానే మూర్తిగారు కాసేపు తల దించుకుని కూర్చున్నాడు. బాధపడుతున్నాడనుకున్నాను. నవ్వు ఆపుకుంటున్నాడని ఇప్పుడు తెలుస్తోంది.

"గట్టి బేరమే పెట్టారు సార్," అన్నాడు. అంతవరకు నేను 'బాబు'ని. "సరే, కాదనలేను. లాభంలో వందో వంతు."

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ కష్టపడి నేర్చుకున్న బీకాం లోపల ఊరుకోదు కదా. భాగస్వామ్యానికి పుస్తకంలో ఇచ్చిన నిర్వచనం వచ్చినంత బాగా నాకు మా వీధి దారి కూడా తెలియదు.

"లాభం ఒక్కటే అంటే పద్ధతి గాదు సార్. పార్ట్‌నర్‌షిప్ అంటే లాభనష్టాలు రెండూ ఉండాలె."

మూర్తిగారు నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "చదువుకున్నవాళ్లతో పని సులువండీ," అన్నాడు. ఆ మాట నేను చాలారోజులు అందరికీ చెప్పుకున్నాను.

వేసవి వచ్చింది. సినిమా విడుదలైంది. బోరు పూర్తిగా ఆగిపోయింది. చిల్కూరు పోయే ఆటోల వెనక మా సినిమా పోస్టర్లు, ఆ పోస్టర్ల మీద వారం వారం పెరిగే కోట్లు. అంకె మారిన ప్రతిసారీ నేను మామకు ఫోన్ చేసి అభినందించేవాడిని. ఆయన ట్యాంకరు నీళ్లతో కొన్ని వరుసలు తడుపుతూ ఫోన్ ఎత్తేవాడు. మిగతా వరుసలు పొయ్యిలోకి సిద్ధమవుతున్నాయి.

ఇంతలో ఊరు మేల్కొంది. యువజన సంఘం క్రికెట్ కిట్లు అడిగింది. చర్చి పాస్టరుగారు ప్రార్థన మందిరానికి ఫ్యాన్లు అడిగారు. గుడి కమిటీ గేటు అడిగింది. ఒక వార్డు మెంబరైతే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అన్నా, ఈపాలి సర్పంచ్‌గ నువ్వే నిలవడాలె. ఖర్చు నీకొక లెక్కనా?"

"నాకు పైస రాలే తమ్మీ."

"గట్లనే అనాలె. సినిమావోళ్లంత గట్లనే అంటరు."

చివరికి మామ తెల్లచొక్కా వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని సిటీలోని ఆ కంపెనీ ఆఫీసుకు పోయాడు. గోడ మీద మా తోట నిలువెత్తున పూసి ఉంది. మూర్తిగారు కూల్‌డ్రింకులు తెప్పించి, సినిమాకు నష్టం వచ్చిందన్నాడు.

"మూడొందల కోట్లని పోస్టరేసిండ్రు గద సార్?" అన్నాను.

"అది గ్రాసండీ. పన్నులు, థియేటర్లు, డిస్ట్రిబ్యూటర్ల కమిషను, అన్నీ అందులోంచే."

"షేర్ సగం వేసినా లాభమే గద?"

"హీరోగారి పారితోషికం మర్చిపోయారు. ఫైనాన్సు వడ్డీ మర్చిపోయారు. పబ్లిసిటీ మర్చిపోయారు. మీరు చూసిన ఆ పోస్టర్లన్నీ ఖర్చే కదండీ."

అంటే ఎన్ని కోట్లు వచ్చాయని చెప్పుకుంటే, చెప్పుకున్నందుకు అంత ఖర్చు. ఈ సూత్రం మా బీకాంలో లేదు.

"అయితే మాకేం రాదా?"

"రావడం కాదు సార్. నష్టంలో మీ వాటా మీరే ఇవ్వాలి. ఆ రోజు మీరే అన్నారు కదా, పద్ధతి అని."

మామ నావైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. మా దుకాణంలో పురుగుమందు డబ్బా మీది పుర్రె బొమ్మను చూసినట్టు చూశాడు.

"కంగారేం లేదండీ," అన్నాడు మూర్తిగారు. "సెకండ్ పార్ట్‌లో సర్దుకుందాం."

"నష్టమొచ్చిన సినిమాకు సెకండ్ పార్ట్ ఎందుకు సార్?"

"భలేవారే. మొదటిది పెద్ద హిట్టండీ."

నేను కూల్‌డ్రింకు తాగాను. ఆ గదిలో నాకు అర్థమయ్యింది అదొక్కటే.

"వచ్చే నెలలో మళ్లీ మీ తోటే కావాలి," ఆయన కొనసాగించాడు. "కథలో హీరో హీరోయిన్‌ని చూసిందీ, చివర్లో ఆమె చచ్చిపోయిందీ అక్కడే కదా. వేరే తోట చూపిస్తే జనం పట్టేస్తారు."

అప్పుడు మామ మొదటిసారి నోరు విప్పాడు. "తోట లేదు సార్."

"లేకపోవడమేంటండీ? ట్రైలర్‌లో కూడా ఉందిగా?"

"ట్రైలర్ల ఉన్నది. ఎంకపల్లిల ఎండిపోయింది. బోరుకని పెట్టుకున్న కిరాయిని మావోడు లాభంల కలిపిండు."

మూర్తిగారు కూల్‌డ్రింకు గ్లాసు కింద పెట్టాడు. హీరో డేట్లు వచ్చే నెలకు ఉన్నాయి. ఆయన లోపలికీ బయటికీ తిరిగాడు, ఎవరెవరికో ఫోన్లు చేశాడు. మామ కదలకుండా కూర్చున్నాడు.

మరుసటి వారం బోరు బండి ఎంకపల్లికి వచ్చింది. కంపెనీ ఖర్చే. నీళ్లు బాగానే పడ్డాయి. పూలతో ఉన్న గులాబీ మొక్కలు నర్సరీల నుంచి లారీల్లో దిగాయి. నష్టంలో మా వాటా రద్దు చేశారు. షూటింగుకు ముందు రోజు మూర్తిగారు తోటకు వచ్చి, అలవాటుగా నావైపు తిరిగాడు.

"ఈసారి కూడా లాభాల్లో వాటానా సార్?"

నేను నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో నాకే తెలియదు. సుగుణత్త ఆ నోట్లో పెద్ద సర్వపిండి ముక్క పెట్టింది. అది నమిలేలోపు మామ కిరాయి నగదుగా తీసుకుని, రెండుసార్లు లెక్కపెట్టి లోపలికి పోయాడు.

రెండో భాగం నిరుడు ఎండాకాలం వచ్చింది. బడ్జెట్ మొదటిదానికి రెట్టింపట. తెర మీద అంత డబ్బు కనబడటం లేదు, ఎక్కడ తగలేశారని మా గ్రూపులో పెద్ద గొడవ జరిగింది. అందులో కొంత ఎంకపల్లి భూమి లోపల బోరు కేసింగ్ పైపు రూపంలో ఉందని చెప్పగలిగినవాడిని నేనొక్కడినే. చెప్పలేదు. ఎందుకంటే మొయినాబాద్ చౌరస్తాలో, పొటాష్ బస్తా మీద కుడిచేయి వేసి నేను ప్రమాణం చేసి ఉన్నాను: ఏ సినిమా ఎన్ని కోట్లు వసూలు చేసినా నోరు విప్పను, ఎవరైనా లాభం ఇస్తానంటే దానికి నష్టాన్ని నా అంతట నేను జోడించను, చేతికి వచ్చే కిరాయికీ దాన్ని తీసుకునే మనిషికీ మధ్య జన్మలో నిలబడను.