కలవని మూడో మూల

మా అబ్బాయి లెక్కల పుస్తకం అట్ట మీద ఆ ముక్కోణం కనబడగానే పుస్తకం బోర్లించేశాను.

నా చిన్నప్పుడు మా నాన్న ఖిదిర్‌పూర్ డాక్‌లో, ఓడలాగే రేవులో, వడ్రంగి. బంద్ రోజున ఇంట్లో ఉంటే, లెక్కల మాస్టారు గీసిచ్చిన ఆ ముక్కోణాన్ని చెక్కతో చేసిపెట్టమన్నాను. బొమ్మలో ఒక్కో కర్రా ఒకదాని ముందు నుంచీ ఇంకోదాని వెనక నుంచీ పోతూ, మూడూ చక్కగా కలిసే ఉన్నాయి. నాన్న పొద్దుగూకేదాకా కోస్తూనే ఉన్నాడు. మూడో మూల కలవలేదు.

"ఏటి నాన్నా, నీకు పన్రాదేటి?" అన్నాను.

"నా చెయ్యే సరిగ్గా నేదురా," అన్నాడు.

మర్నాడు బళ్ళో చెబితే మాస్టారు పగలబడి నవ్వారు. "దూర్ పాగల్, పిచ్చోడా! అది కాగితం మీదే కుదురుతుంది. చెయ్యడం ఎవరి వల్లా కాదు."

ఆ మాట నాన్నకు చెప్పలేదు. చెబితే తప్పు నాదవుతుంది.

తర్వాత పక్కింటామె పీట చేసిపెట్టమని వస్తే, "నా చెయ్యి కుదరడం నేదమ్మా" అని నాన్న పంపేశాడు. నేను పక్కనే కూర్చుని విన్నాను.