ఎంతమందిని కన్నావని అడిగిన అత్త

మా మేనత్త పోయిందని బాబాయి ఆఫీసుకి ఫోను చేసి చెప్పాడు. పొద్దున్నే కాఫీ తాగి, కాస్త నడుం వాలుస్తానని మంచమెక్కిందట, మళ్ళీ లేవలేదట. సరే బాబాయ్ అని ఫోను పెట్టేశాను. సీట్లోకొచ్చి సగంలో ఉన్న పని పూర్తి చేశాను. పక్క సీటావిడ ఏంటి విషయమని అడిగితే, మా అత్త పోయింది, మధ్యాహ్నం సెలవు పెడుతున్నానని చెప్పాను. బెజవాడ నుంచి నూజివీడు వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఏడుపొస్తుందేమోనని చేతిరుమాలు తీసి పట్టుకున్నాను. రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. నాన్నకి అక్క. నూజివీడు దగ్గర ముసునూరు స్కూల్లో చిన్న తరగతులకి చెప్పేది. మావయ్య చిన్న వయసులోనే పోయాడు. పుట్టింటికి వచ్చెయ్యమని నాన్నా బాబాయీ ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. ఉద్యోగం ఇక్కడుంది కదరా అనేది. రిటైరయ్యాక కూడా అక్కడే ఉంది. వేసవిలో మేం వెళ్తే రసం మామిడిపండుని అరచేతుల మధ్య మెత్తగా నలిపి, ముచ్చిక తీసి, సొన పిండేసి చేతికిచ్చేది. నాకు పెళ్ళయ్యి ఇద్దరు పిల్లలు పుట్టినా అలాగే ఇచ్చేది. మనం తింటుంటే ఎదురుగా కూర్చుని చూసేది తప్ప ఎక్కువ మాట్లాడేది కాదు.

ఎనభైల మొదట్లో మా ఇంటిపేరు వాళ్ళంతా కలిసి వంశవృక్ష సంఘం పెట్టుకున్నారు. బాబాయి దానికి సెక్రటరీ. ఏటా మే నెలలో ఒక శని, ఆదివారాలు రెడ్డిగూడెంలో మా బంధువుల మామిడితోటలో అందరం కలిసేవాళ్ళం. షామియానా, మైకు సెట్టు, చెట్ల కింద వంటలు. గోడంత గుడ్డ మీద చెట్టు బొమ్మ గీయించి, కొమ్మల మీద పేర్లు రాయించారు. అన్నీ మగవాళ్ళ పేర్లే. ఆడపిల్లలు పెళ్ళిళ్ళయ్యి వేరే ఇంటిపేరులోకి వెళ్ళిపోతారు, వాళ్ళెందుకు అనేవాళ్ళు పెద్దలు. ఈ ఇంట్లో పుట్టలేదా మేం అని అత్త అడిగింది. కోపంగా కాదు, క్లాసులో ప్రశ్న అడిగినట్టే. చివరికి బాబాయి ఒప్పుకుని, ఆ పేర్లు సేకరించే పని ఆవిడకే అప్పజెప్పాడు.

ఆ ఏడు కలిసినప్పుడు శనివారం పొద్దున అత్త ఆడవాళ్ళ మధ్యకి వచ్చి కూర్చుంది. కొందరు కూరలు తరుగుతున్నారు, కొందరు పిల్లలకి తలలు దువ్వుతున్నారు. అందరూ అడిగినట్టు నీకెంతమంది పిల్లలని అడగలేదు. ఎంతమందిని కన్నావని అడిగింది. ఆ తేడా మొదట ఎవరికీ పట్టలేదు. ఒక పెద్దావిడ నలుగురని చెప్పి, చేతిలో వంకాయ కింద పెట్టి, కాదు, ఆరుగురని, ఆ పోయిన ఇద్దరి పేర్లూ చెప్పింది. చెప్పి మళ్ళీ వంకాయలు తరగడం మొదలుపెట్టింది.

తర్వాత అత్త మా అమ్మ వైపు తిరిగింది. అమ్మ ఎప్పుడూ ఇద్దరనే చెప్పేది. నేనూ, తమ్ముడూ.

"ముగ్గురు వదినా," అంది అమ్మ. "మొదటిది కుసుమ. ఏడాది నిండకుండానే జ్వరమొచ్చి పోయింది."

అత్తకి ఆ సంగతి తెలియక కాదు. పాపని ఎత్తుకుని తిరిగిన మనిషే. అమ్మ నోటితో అమ్మే చెప్పాలని అడిగింది. నేను అక్కడే కూర్చుని కొబ్బరి కోరుతున్నాను. అంతవరకూ ఇంటికి పెద్దదాన్ని నేనే అనుకుంటూ పెరిగాను. కొబ్బరి కోరుతూనే ఉన్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సైను బోర్డులు రాసే ఆయన రంగులతో వచ్చాడు. పోయిన పసిపిల్లల పేర్లు కూడా అత్త చెప్తోందని తెలిసి పెద్దవాళ్ళు గొడవ చేశారు. నలుగురూ సంతోషంగా కలిసిన చోట చావులు ఎత్తడమేంటన్నారు. గుడ్డ మీద చోటు చాలదన్నాడు బాబాయి.

"చోటు లేకపోతే నా పేరు తీసెయ్. అందులో కుసుమ పేరు పడుతుంది," అంది అత్త.

నాన్న లేచి తోట లోపలికి వెళ్ళిపోయాడు. మా ఇంట్లో ఆ పేరు పలకకుండా చేసింది నాన్నేనని అమ్మ తర్వాత చెప్పింది. తట్టుకోలేక అలా చేశాడట. వంటవాళ్ళు గిన్నెలు తోమడం అయ్యేవేళకి తిరిగొచ్చాడు. తిన్నగా రంగులాయన దగ్గరికెళ్ళి, అప్పటికే రాసిన నా పేరు పైన చోటు చూపించి, "కుసుమ. కు, సు, మ," అని ఒక్కో అక్షరం చెప్పాడు. ఆయన రాస్తున్నంతసేపూ పక్కనే నిలబడ్డాడు. అమ్మ దూరం నుంచి చూసింది. దగ్గరికి రాలేదు. ఆ తర్వాత బాబాయి మిగతా పేర్లూ రాయించాడు. సందు లేనిచోట చిన్న అక్షరాలతో ఇరికించారు.

ఆదివారం సాయంత్రం అత్తని ముసునూరులో దించడానికి నేను వెళ్ళాను. బస్సులో అడిగాను, నీకెంతమంది అత్తా అని. ఆవిణ్ణి ఎవరైనా ఆ మాట అడిగారో లేదో నాకు తెలియదు.

"ఒకడు," అంది. "పుట్టిన రోజే పోయాడు. మీ మావయ్య వాడికి పేరు కూడా పెట్టలేదు."

మరి నిన్న ఎందుకు చెప్పలేదన్నాను.

"వాడిది మీ ఇంటిపేరు కాదుగదమ్మా. వాడు మీ మావయ్య వాళ్ళ చెట్టులో ఉండాలి. వాళ్ళకి సంఘం లేదు."

టిక్కెట్టు చింపి కిటికీలోంచి వదిలేసింది. స్టాపు రాగానే కొంగు సర్దుకుని దిగింది. మళ్ళీ ఆ మాట మా మధ్య రాలేదు. అడిగితే చెప్తారమ్మా, అడగరు గనక చెప్పరు అని మాత్రం ఇంకోసారెప్పుడో అంది. ఎవరి గురించి అందో తెలియదు.

ఆవిణ్ణి శ్మశానానికి తీసుకెళ్ళేటప్పుడు ఆడవాళ్ళం వీధి చివరిదాకా వెళ్ళి ఆగిపోయాం. నాన్న ముందు నడిచాడు. దారి మామిడితోటల పక్కనుంచి వెళ్తుంది. కాపు దిగే రోజులు. ఒక చెట్టు కింద కాయలు కోసే మనిషి గెడకి వల కట్టిన పొడుగాటి చిక్కం పైకెత్తి, అందులో కాయ పడ్డాక, పాడె వస్తుండటం చూసి అలాగే ఆగాడు. చిక్కం కిందికి దించలేదు. వాళ్ళంతా మలుపు తిరిగి కనిపించకుండా పోయేదాకా, ఆకుల మధ్య ఆ ఒక్క కాయా వలలో ఊగుతూ ఉంది.